బిడ్డ పేరు – లోకుల తీర్పు

తొట్టెల వేడుకనాడు పళ్ళెములో బియ్యము పరచి, తండ్రి ఉంగరముతో అందులో పేరు వ్రాసి, బిడ్డ చెవిలో మెల్లగా పలుకుట తెలుగువారి గృహములలో నేటికిని నిలిచియున్న ఆచారము. ఆ క్షణమున ఆ పేరు తల్లిదండ్రులకును, బిడ్డకును, ఇలవేల్పునకును మాత్రమే చెందినది. బిడ్డ నడక నేర్చి వాకిలి దాటినంతనే అది లోకుల నోట బడును. "నీ పేరేమి? ఎవరి బిడ్డవు?" అని సిద్దిపేట వీధులలో ఎదురైన పెద్దమనిషి పసివానిని ముద్దుగా పలుకరించును. పేరు చెవిని బడినంతనే ఆయన మనస్సులో ఒక చిత్రము సిద్ధమగును. ఈ బిడ్డ ఏ ఇంటివాడు, ఆ ఇంట చదువున్నదా, దైవచింతన యున్నదా, తల్లి శ్రద్ధతో పెంచుచున్నదా, లేక గాలికి వదలినదా అను విషయములన్నియు ఆయనకు తెలిసిపోయినట్లే తోచును. బిడ్డ అప్పటికింకను రెండవ మాట పలికియుండడు.

ఈ తీర్పు ఎంతవరకు చెల్లును? పురాణేతిహాసములు ఈ విషయమున చెప్పినది చాల కలదు. అందులో కొంత మనము వినగోరునది, కొంత వినుటకు కష్టమైనది.

సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లాకేంద్రమైనది. అంతకు పూర్వము అది మెదకు జిల్లాలోని పట్టణము. ఆ ప్రాంతపు పాతతరము పేర్లు వరుసగా చదివినచో చుట్టుపట్ల క్షేత్రములన్నియు కన్నులకు కట్టును. కొమురవెల్లి మల్లన్న మ్రొక్కున కలిగినవారు మల్లయ్య, మల్లేశము, కొమురయ్య, కొమురవ్వ. వేములవాడ రాజన్న అనుగ్రహించినవారు రాజయ్య, రాజేశము, రాజవ్వ. యాదగిరిగుట్టకు నడచిపోయి వరము పొందిన తల్లుల బిడ్డలు యాదగిరి, యాదయ్య, యాదమ్మ. వర్గల్ మండలములోని నాచారముగుట్టపైనున్నవాడును నరసింహస్వామియే కనుక నర్సింలు, నర్సయ్య, నర్సవ్వలు ఊరూర కలరు. ఏడుకొండలవాని పేర వెంకటి, వెంకటయ్య, తిరుపతి. గ్రామదేవతల పేర పోచయ్య, ఎల్లయ్య, ఎల్లవ్వ. ఒక్కొక్క పేరును ఒక్కొక్క యాత్ర. తల్లి మూటగట్టుకొని పోయిన సద్ది, తండ్రి అప్పుచేసి తీర్చిన మ్రొక్కు అందులో దాగియున్నవి. తెలంగాణ పల్లెజీవితమును, పండుగలను రంగులలో నిలిపి కీర్తినొందిన సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) పేరును ఈ వరుసలోనిదే.

అయినను ఈ పేర్లను లోకము ఒకే తీరున వినదు. నరసింహుని నామమునే చూడవచ్చును. ఒక ఇంట అది నరసింహాచార్యులు. మరొక ఇంట నర్సింగరావు, నరసింహారెడ్డి. వేరొకచోట నర్సయ్య, నర్సింలు. పూర్వము దొరల వాకిట పనిచేసిన వానికి అది నర్సిగాడు. దైవమొక్కడే, నామమొక్కటే. తోకలో మాత్రమే భేదము. లోకులు దైవనామమును విడిచి ఆ తోకనే విందురు. నరసింహాచార్యుల కుమారుడు తప్పుచేసినచో "అంత మంచి ఇంట పుట్టి యిట్లు చేసెనే" అని జాలిపడుదురు. నర్సింలు కుమారుడు అదే తప్పు చేసినచో "పెంపకము అట్టిది" అని తేల్చివేయుదురు. ఆ రెండు ఇండ్లలోను ప్రాతఃకాలమున వెలిగిన దీపము ఒకే స్వామికి వెలిగినదని ఎవరును తలపరు.

నాగరికమైన పేరు, మోటు పేరు అను విభాగము సహితము కాలము కల్పించినదే. పోతనామాత్యుని స్వస్థలముగా చెప్పబడు బమ్మెర నేడు జనగామ జిల్లాలో సిద్దిపేటకు పొరుగుసీమలో నున్నది. ఆయన తండ్రి కేసన, తల్లి లక్కాసానమ్మ, అన్న తిప్పన. కేశవ శబ్దము తెలుగు నాలుకపై కేసన అయినది. లక్ష్మి లక్కమ్మ అయినది. నేటి పాఠశాలలో ఒక బాలుడు తన పేరు కేసన అనినచో తోటివారు నవ్వుదురేమో! ఆంధ్ర మహాభాగవతమున షష్ఠస్కంధమును రచించిన ఏర్చూరి సింగన పేరును నరసింహ నామమునకు తెలుగు రూపమే. నర్సింలు అను పేరును మోటుదని యెంచువారు, సింగన కవిని స్మరించునపుడు అది తమకు తోచకపోవుట గమనింపవలసినది.

నిజాముల యేలుబడిలో ఉర్దూ రాజభాషగా నుండుటవలన మరికొన్ని రూపములు వచ్చి చేరినవి. కృష్ణుడు కిషన్ అయినాడు. హైదరాబాదు ప్రధానమంత్రిగానుండిన మహారాజా కిషన్ పర్షాద్ (1864–1940) పేరు మన నోట కృష్ణప్రసాదు. ఆ రూపములను ఎవరును మోటువనలేదు, అవి కచేరినుండి వచ్చినవి గనుక.

ఈ విషయమున అన్నింటికంటె ఎక్కువగా అపార్థమునకు గురియైనవి పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, బిచ్చయ్య, భిక్షపతి వంటి పేర్లు. నగరవాసి ఎవరైనను పెంటయ్య అను పేరు వినినపుడు, బిడ్డకు ఇంత హీనమైన పేరు పెట్టిన తల్లిదండ్రులు ఎట్టివారో అని తలచుట సహజము. బిడ్డపై ప్రేమలేదనియో, తెలివిలేదనియో అనుకొందురు. నిజము దీనికి పూర్తిగా విరుద్ధము. ఒకరి వెంట ఒకరుగా ఇద్దరు ముగ్గురు శిశువులు పురిటిలోనే పోయిన తల్లి, మరల కడుపు పండినపుడు, ఈ బిడ్డపై మృత్యువు కన్ను పడరాదని వానిని పెంటకుప్పపై పరుండబెట్టించి, "ఎవరికిని అక్కరలేని బిడ్డ దొరకినాడు" అన్నట్లు వేరొకరిచేత ఎత్తించి, తాను మరల పుచ్చుకొనెడిది. అట్లు దక్కిన బిడ్డ పెంటయ్య. విస్తరాకుపై పొరలించి తెచ్చుకొన్నవాడు పుల్లయ్య. భిక్షమెత్తి తెచ్చుకొన్నట్లుగా భావించి పెట్టినది బిచ్చయ్య. ఉత్తరాంధ్రమున గుప్పెడు తవుడునకు బిడ్డను అమ్మినట్లు చేసి తిరిగి కొని, తవిటయ్య అని పిలుచుటయు ఈ వేదననుండి పుట్టినదే. యముని వంచింపజూచిన ఆ తల్లి తన బిడ్డను నలుగురిలో ముద్దుపేరుతో పిలుచుటకైనను జంకెడిది. ఊరిలో అందరికంటె ఎక్కువ భయముతో, ఎక్కువ కాపుదలతో పెరిగిన బిడ్డ పెంటయ్యయే. పేరునుబట్టి పెంపకమును ఊహించువారు ఇచట పొరబడినంతగా మరెచటను పొరబడరు.

1971లో మన దేశమున జన్మించిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకముందే మరణించెడివారని ప్రభుత్వపు నమూనా నమోదు లెక్కలు తెలుపుచున్నవి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. పెంటయ్య అను పేరు క్రొత్తగా వినబడకపోవుటకు అభిరుచి మారుట ఒక కారణము కావచ్చును. టీకాలు, ఆసుపత్రి కానుపులు వచ్చి ఆ భయమే చాలవరకు తొలగుట అంతకంటె పెద్ద కారణము. ఇప్పుడు ఆ పేరుతో మిగిలినవారు వృద్ధులు. వారి మనుమలు పాఠశాల దరఖాస్తులో తాత పేరు వ్రాయుటకు సిగ్గుపడుచున్నారన్న మాట వినినపుడు, ఆ పేరు వెనుకనున్న కథను ఆ పిల్లలకు ఎవరును చెప్పలేదనియే అనుకొనవలసివచ్చుచున్నది.

ఇక శాస్త్రమున కష్టమైన భాగము. ఆపస్తంబ గృహ్యసూత్రము పదియవ దినమున తల్లిదండ్రులిరువురును కలసి పేరు పెట్టవలెననియు, మగబిడ్డ పేరు సరి అక్షరములతోను, ఆడుబిడ్డ పేరు బేసి అక్షరములతోను ఉండవలెననియు విధించినది. ఇది సులభముగానే యున్నది. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున, స్త్రీల పేరు సుఖముగా పలుకదగినదై, క్రూరార్థము లేనిదై, అర్థము స్పష్టమై, మంగళకరమై, దీర్ఘాంతమై యుండవలెనని చెప్పిన మాటయు హృద్యముగానున్నది. కాని ఆ చోటనే బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును తెలుపవలెననియు, శూద్రుని పేరు జుగుప్సను కలిగించునదై యుండవలెననియు కలదు. అనగా పేరు విన్నంతనే మనిషిని తూకము వేయుట ఏదో నేటి అవివేకము కాదు. దానిని విధిగా వ్రాసిపెట్టిన కాలము కలదు. ఈ మాటను దాటవేసి నామకరణమును గూర్చి చెప్పుట నిజాయితీ కాదు.

శ్రీవైష్ణవ సంప్రదాయము దీనికి ఇచ్చిన సమాధానము వాదరూపమున కాక, ఆచారరూపమున నున్నది. తాపము, పుండ్రము, నామము, మంత్రము, యాగము అను పంచసంస్కారములలో మూడవది నామము. ఆచార్యుని ఆశ్రయించినవానికి, వాని పుట్టుకయేదైనను, ఇంటనున్న పేరేదైనను, రామానుజదాసుడు అను దాస్యనామము లభించును. ఆ పేరునకు ముందు కులము లేదు, వెనుక తోక లేదు. మంగళము, బలము, ధనము, జుగుప్స అను నాలుగు మెట్లును ఒక్క దాసశబ్దములో సమమైపోయినవి. ఈ సమత్వము గుడి ముంగిట ఆగిపోక ఊరి బావివరకు ఎంతగా చేరినదను ప్రశ్న వేరు. దానికి చరిత్రలో అన్నిచోట్ల ఒకే సమాధానము దొరకదు.

పెరియాళ్వారు తన తిరుమొళిలో నాలుగవ పత్తున ఒక దశకమును పూర్తిగా పిల్లల పేర్లకే వినియోగించినారు. కాసునకో, అంచుగల వస్త్రమునకో ఆశపడి కలిగినవారి పేర్లు బిడ్డలకు పెట్టుట ఎందుకు, నారాయణుని పేరు పెట్టుకొనుడు, నారాయణుడను బిడ్డగల తల్లి నరకము చూడదు అని ఆ దశకము ఉపదేశించుచున్నది. అందలి భక్తి అందరెరిగినదే. దానితోపాటు తెలియవచ్చు లోకవృత్తము ఒకటి కలదు. ఆళ్వారు కాలముననే, బిడ్డ పేరు వినిన నలుగురు గొప్పగా తలపవలెనని, ధనికుని మెప్పు పొందవలెనని పేర్లు పెట్టు తల్లులు ఉండిరి. ఆళ్వారు వారిని దూషింపలేదు, జాలిపడి మందలించిరి.

ఆ ఉపదేశమునకు నిదర్శనముగా పెద్దలు అజామిళోపాఖ్యానమును చెప్పుదురు. అందులోనే లోకుల తీర్పునకు ఎదురుదెబ్బయు కలదు. కన్యాకుబ్జమున ఆచారభ్రష్టుడై, జూదముతోను చౌర్యముతోను బ్రతికిన అజామిళునికి పదిమంది కుమారులు. కడగొట్టువాడు నారాయణుడు. ఆ ఇంటిముందునుండి పోవు బాటసారి "నారాయణా! ఇటు రా, అన్నము తిను" అను పిలుపు వినినచో ఏమనుకొనియుండును? ఎంతటి భాగవతోత్తముని గృహమో అని చేతులు జోడించియుండును. అతని ఊహ ముమ్మాటికి తప్పు. మరియు అంత్యకాలమున విష్ణుదూతలు దిగివచ్చినపుడు, అది తప్పు కాకుండ పోయినది! పేరు ఇంటి వర్తమానమును చెప్పలేదు. ఆ ఇంటి భవిష్యత్తును తనలో దాచుకొన్నది.

పేరుపెట్టు వేడుకయే లోకమునకు ఎంత సమాచారమిచ్చునో దశమస్కంధమున గర్గమహాముని ఎరింగియుండెను. తాను యాదవుల పురోహితుడుగా ప్రసిద్ధుడు; తాను వచ్చి నామకరణము చేసినచో ఈ బిడ్డ దేవకీనందనుడని కంసుడు ఊహించును. కనుక నందుని ఆలమందల కొట్టములో, బంధువులకు సహితము తెలియకుండ, రామకృష్ణులకు పేర్లు పెట్టబడినవి. లోకపు చూపునుండి బిడ్డను కాపాడుటకై నామకరణమును చాటున జరిపిన ఆ నందునకును, బిడ్డను పెంటకుప్పపై పెట్టి కాపాడుకొన్న పల్లెతల్లికిని భయమొక్కటియే.

పెంపకమును గూర్చిన ఊహలు ఎట్లు తలక్రిందులగునో ప్రహ్లాదచరిత్ర చూపుచున్నది. హిరణ్యకశిపునకు సంహ్లాదుడు, అనుహ్లాదుడు, హ్లాదుడు, ప్రహ్లాదుడు అని నలుగురు కుమారులు. నలుగురి పేర్లలోను ఆనందవాచకమైన హ్లాద శబ్దమే యున్నది. ఇల్లొక్కటే, తండ్రి యొక్కడే. ప్రహ్లాదుడు హరినామము పలుకగా తండ్రి మొదట చండామార్కులపై మండిపడెను: బిడ్డకు ఇట్టి బుద్ధి నేర్పినది మీరే కదా అని. మేము నేర్పలేదు, ఇది వీనికి సహజముగా వచ్చినదని గురుపుత్రులు మొరపెట్టుకొనిరి. బిడ్డలో తమకు నచ్చనిది కనబడినంతనే పెంపకమునో, బడినో నిందించుట దైత్యరాజుతో మొదలుకాలేదు, ఆయనతో ముగియలేదు. నారదోపదేశము గర్భముననే చెవిసోకినదని ఊహింపగలవారు ఆ సభలో ఎవరున్నారు?

విభీషణ శబ్దమునకు మిక్కిలి భయంకరుడని అర్థము. రాక్షసకులము, రావణుని తమ్ముడు, పైగా ఆ పేరు! సముద్రతీరమున ఆకాశముననుండి శరణువేడినపుడు సుగ్రీవుడు శంకించుటలో వింత లేదు. శత్రువుయొక్క సోదరుని నమ్మరాదనెను. హనుమంతుడు మాత్రము పేరును, పుట్టుకను ప్రక్కకు పెట్టి, వచ్చినవాని ముఖమును చూచెను, మాటను వినెను. ముఖము ప్రసన్నముగా నున్నది, మాటలో దుష్టభావము లేదని విన్నవించెను. శరణాగతి శాస్త్రమునకు ఆయువుపట్టైన ఆ ఘట్టమున శ్రీరాముని అభయము గూర్చియే మనము ఎక్కువగా వినుచుందుము. దానికి ముందు హనుమంతుడు చేసిన ఆ పరిశీలన పాఠశాల ఉపాధ్యాయునకును, పెండ్లిచూపులకు పోవు పెద్దలకును, ఉద్యోగమిచ్చు యజమానికిని పనికివచ్చునది.

పనికివచ్చునని ఊరక అనుట కాదు. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ ఆట్వెల్ అను పండితులు ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. పత్రికలలో ప్రైవేటు సంస్థలు వేసిన ఉద్యోగప్రకటనలకు సమానమైన అర్హతలతో, పేరుమాత్రము మార్చి దరఖాస్తులు పంపిరి. అగ్రవర్ణ నామముతో పోల్చిచూడగా దళిత నామమునకు పిలుపు వచ్చు అవకాశము సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిము నామమునకు సుమారు మూడింట ఒక వంతు మాత్రమే. చదువొక్కటే, కాగితమొక్కటే, పేరే వేరు. జర్మనీ దేశమున ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయమువారు 2009లో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను ప్రశ్నింపగా, కెవిన్ అను పేరుగల బాలుడు అల్లరివాడనియు, చదువులో వెనుకబడినవాడనియు పలువురు చూడకయే భావించుచున్నట్లు తేలినది. సుగ్రీవునివంటి శంక అన్ని దేశములలోను కలదు.

విష్ణుసహస్రనామము ఆరంభమున భీష్ముడు తాను చెప్పబోవు నామములు గౌణములనెను. అనగా గుణములనుబట్టి ఏర్పడి ప్రసిద్ధినొందినవి. భగవంతుని విషయమున గుణము ముందు, నామము వెనుక. శిశువు విషయమున ఈ క్రమము తారుమారగును: నామము ముందు, గుణము ఇంకను రావలసియున్నది. లోకులు ఈ భేదమును మరచి, శిశునామమును సహితము గౌణనామమువలె చదువుదురు. చిక్కంతయు ఇచటనే యున్నది. ఆ సహస్రనామములకు భగవద్గుణదర్పణమను వ్యాఖ్యానము రచించిన పరాశరభట్టరు పేరు వెనుక ఒక చరిత్ర కలదు. విష్ణుపురాణకర్తయైన పరాశరుని పేరు నిలుపవలెనని యామునాచార్యుల కోరిక. రామానుజులు ఆ కోరికను కూరత్తాళ్వాన్ కుమారునకు ఆ పేరు పెట్టి నెరవేర్చిరి. ఆ బిడ్డ పేరునకు తగినవాడైనాడు. పేరు పెట్టినందువలన మాత్రము కాలేదు. కూరత్తాళ్వాన్ వంటి తండ్రి, ఆండాళ్ వంటి తల్లి ఆ ఇంట నుండిరి.

పేరు యొక్క విలువను మోసినవాని బ్రతుకు మార్చగలదనుటకు పొరుగుసీమలోనే ఉదాహరణములు కలవు. కొమురయ్య అనగా గొల్లలు, కురుమలు పెట్టుకొను పేరని తీసిపారవేసిన కాలముండెను. 1946 జూలై 4న కడవెండిలో దొరల తుపాకికి దొడ్డి కొమురయ్య నేలకొరిగిన పిమ్మట ఆ పేరు తెలంగాణమంతట గౌరవముతో పలుకబడుచున్నది. తన భూమికై నిలిచిన పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు పెట్టబడినది. ఒకనాడు వాకిటనే నిలుపుటకు వాడిన కులవాచకము, నేడు విశ్వవిద్యాలయ ద్వారముపై నిలిచియున్నది.

నేటి తల్లిదండ్రుల చిక్కులు వేరు. జన్మనక్షత్ర పాదమునకు తగిన అక్షరము కావలెను, పేరు క్రొత్తదై యుండవలెను, పొరుగింట మరొకరికి ఉండరాదు. ఈ మూడును కలియునపుడు అర్థము తరచుగా జారిపోవును. మనువు కోరిన స్పష్టార్థమును, సుఖోచ్చారణమును రెండును పోవును. నాయనమ్మ నోట పలుకని పేరు ఇంట తిరుగుచుండును. ఆ పేరు వినినవారు మాత్రము ఇది పట్నపు పెంపకమని మెచ్చుకొందురు. ఆ మెప్పును పూర్వపు చులకనవంటి తొందరపాటే.

తొందరపడవలసిన పని చట్టరీత్యా లేదు. 1969 నాటి జననమరణముల నమోదు చట్టముననుసరించి పేరు లేకుండగనే జననమును నమోదు చేయింపవచ్చును. పిమ్మట ఏడాదిలోపల రుసుము లేకుండ, ఆపైని పదునైదేండ్లవరకు రుసుముతో పేరు చేర్పింపవచ్చును. పదవతరగతి పట్టాలో ఎక్కిన పేరే జీవితాంతము వెంటవచ్చునది కనుక అక్షరములు సరిచూచుకొనుట మేలు. సిద్దిపేట ప్రాంతమున పలు కుటుంబములు ఒక మధ్యేమార్గము పట్టినవి. బడికి ఒక పేరు, ఇంటికి ఒక పేరు. పట్టికలో ఏ పేరున్నను, కొమురవెల్లిలో పట్నము వేయించునపుడు గాని, యాదగిరిగుట్టపై అర్చకుడు గోత్రనామములు అడిగినపుడు గాని, నాయనమ్మ ముందుకు వచ్చి బిడ్డ తలపై చేయివేసి చెప్పునది మ్రొక్కునాటి పేరే.